తోక బండి

ఆ సీజన్లో నా ఉద్యోగం కూర్చోవడం. ఒంటరిగా వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చోవడం.

నవ్వులాట కాదు, నెల తిరిగేసరికి జీతం ఇచ్చే ఉద్యోగమే. సముద్రం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళని మా కంపెనీ బగ్గీలెక్కించి అడవి దారిలో తిప్పి తీసుకొస్తుంది. బగ్గీ అంటే పెద్దగా ఏమీ ఉండదు. నాలుగు లావాటి చక్రాలు, పైకప్పు బదులు ఇనప కడ్డీలు, రెండు సీట్లు. తలుపుల్లేవు, అద్దాల్లేవు. వచ్చినవాళ్ళే నడుపుకోవాలి, ముందు బండిలో గైడు దారి చూపిస్తాడు. బండి మరీ తేలిక కాబట్టి పక్క సీటు ఖాళీగా ఉంటే కొండ వాలులో ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకని ఎవరైనా ఒక్కరే వస్తే ఆ సీట్లో ఇసుక మూట పెట్టి, దానికి బెల్టు కట్టి పంపేవాళ్ళు. అంతకుముందు సీజన్ చివర్లో ఒక మూట దారిలో చిరిగి, ఇసుకంతా ఒక పెద్దమనిషి కళ్ళలో పడింది. ఇక లాభం లేదు, మూటకి బదులు మనిషిని పెడదామన్నారు. ఆ మనిషిని నేను.

షెడ్డులో అందరూ నన్ను మూట అనేవాళ్ళు. "మూటక్కా, రెండో ట్రిప్పులో ఒకాయన ఒంటరిగా వచ్చాడు, రా" అని పిలిచేవాళ్ళు. నాకు కోపం రాలేదు. ఇంట్లో నన్ను పేరు పెట్టి గానీ, పేరు లేకుండా గానీ పిలిచే మనిషి లేక చాలా కాలమైంది. ఏదో ఒక పిలుపు ఉంది కదా అనుకున్నాను.

ముందు బండిలో దారి చూపించే గైడు మా ఆయనే.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా ఆయన విషయంలో ఆ సామెతని పూర్తిగా తిరగేసి రాసుకోవాలి. దారిలో ఆయన నోరు ఆగదు. బురదగుంట దగ్గర అందరినీ ఆపి, "ఈ బురద ఒంటికి మంచిదండి, పట్నాల్లో దీన్నే డబ్బాల్లో పెట్టి అమ్ముతారు, ఇక్కడ ముఖానికి మేమే కొడతాం" అంటాడు. కొండ మీద ఆపి, "ఇక్కడ ఫోన్లు పలకవండి, మీ ఆఫీసువాళ్ళు గింజుకున్నా మీ జాడ తెలీదు" అంటాడు. వాగు దగ్గర, "మొసళ్ళు లేవండి. ఉన్న ఒకటీ మధ్యాహ్నం నిద్రపోతుంది" అంటాడు. ఆ మూడు హాస్యాలూ రోజుకి రెండు ట్రిప్పుల చొప్పున విన్నాను. విన్న ప్రతిసారీ హెల్మెట్ లోపల నవ్వుకున్నాను. సాయంత్రం అదే మనిషి ఇంటికొచ్చి, బూట్లు విప్పి, కంచం ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు.

మాకు గొడవలేమీ లేవు. గొడవ ఉంటే బాగుండేది, గొడవకి ఒక కారణముంటుంది, ఎప్పుడో ఒకప్పుడు రాజీ ఉంటుంది. మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్ళేదాకా ఇంట్లో వాడి బూట్ల గురించీ, మార్కుల గురించీ మాట్లాడుకునేవాళ్ళం. వాడు వెళ్ళేటప్పుడు పెట్టెలో బట్టలతో పాటు ఆ మాటలన్నీ కూడా సర్దుకుపోయినట్టున్నాడు. షెడ్డు వెనక మా రెండు గదుల ఇంట్లో ఆ తర్వాత "గ్యాసు అయిపోయింది", "రేపు తొందరగా వెళ్ళాలి" తప్ప మరో మాట పుట్టలేదు. పగలంతా ఆ గదుల్లో ఒక్కదాన్నే ఉండలేక, ఆయన గొంతైనా వినపడుతుందని ఈ ఉద్యోగంలో చేరాను. జీతం కోసమని అందరికీ చెప్పాను.

ఒంటరివాళ్ళ బండిని ఎప్పుడూ వరసలో చివర పెట్టేవాళ్ళు. పక్కన కంపెనీ మనిషి ఉంటుంది కాబట్టి తోక కాస్తుందని లెక్క. కాబట్టి ఆయన ముందు బండిలో, నేను తోక బండిలో, మధ్యలో ఆరో ఏడో బళ్ళు, అవి లేపే ఎర్ర దుమ్ము. ఆయనకి దగ్గరగా ఉందామని చేరినదాన్ని ఆయనకి వీలైనంత దూరంలో కూర్చున్నాను. నా తెలివి అలాంటిది.

కానీ ఒక్క సంగతి ఉంది. వాగు లాంటి కష్టమైన చోటుకి రాగానే గైడు బండి ఆపి బొటనవేలు పైకెత్తుతాడు. అంతా బాగేనా అని దానర్థం. రెండో బండిలోవాళ్ళు వెనక్కి తిరిగి వేలెత్తి మూడో బండికి చూపిస్తారు, అలా ఒకరి నుంచి ఒకరికి అది తోక దాకా వస్తుంది. తోక బండిలో ఉన్నవాళ్ళు అన్నీ చూసుకుని వేలెత్తితే, అది అలాగే ఒకరి నుంచి ఒకరికి ముందుకి వెళ్తుంది. తోక నుంచి వేలు వచ్చేదాకా ఏ బండీ కదలకూడదు. రాకపోతే గైడు దిగి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి చూడాలి. కంపెనీ పెట్టిన నియమం అది.

ట్రిప్పుకి మూడుసార్లు, రోజుకి ఆరుసార్లు. బాగేనా అని ఆయన అడిగేవాడు, బాగే అని నేను చెప్పేదాన్ని. ఆ సీజన్లో మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ మొత్తం అదే. మొదటి వారం అది కూడా నాకు అపురూపంగా ఉండేది. రెండో నెలకి నా వేలు నన్ను అడక్కుండానే లేచేది.

*

పక్కన కూర్చోవడంలో మెళకువేమీ లేదు. బెల్టు కట్టుకుని బరువుగా ఉండాలి, అంతే. ఇంజను హోరులో మాటలు వినపడవు కాబట్టి బళ్ళు ఆగిన చోటే మాట్లాడుకోవాలి. ఒకాయన కొండ మీద ఆగినప్పుడు నాకు నీళ్ళసీసా ఇచ్చి, మూత తీసి పెట్టలేదని క్షమాపణ చెప్పుకున్నాడు. ఒకావిడ దారంతా ఏడ్చింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని "థాంక్స్, చాలా బావుంది" అంది. వాగు దాటేచోట కంపెనీ ఫొటోగ్రాఫరు ప్రతి బండికీ ఫొటో తీసేవాడు. ఒంటరిగా వచ్చినవాళ్ళందరి ఫొటోల్లోనూ పక్కన నేనే. ఎవరెవరి ఇళ్ళలోనో గోడల మీద హెల్మెట్ పెట్టుకుని, బురద ముఖంతో ఉండి ఉంటాను. ఈవిడెవరని చుట్టాలు అడిగితే వాళ్ళేం చెప్పుకుంటారో.

కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఒకర్తె గుర్తుంది. మొగుడికి కడుపు చెడి హోటల్లో పడుకుంటే తనొక్కతే వచ్చింది. బండి ఆగడం ఆలస్యం, మాటలు మొదలు.

"మా ఆయన నోరు మూస్తే ఒట్టండీ. నిద్రలో కూడా ఏదో ఒకటి చెప్తుంటాడు. ఈ రెండు గంటలూ నా చెవులకి సెలవు. మీ ఆయనా ఇలాగేనా?"

"మావారా? ముందు బండిలో ఉన్నాయనే" అన్నాను.

"గైడుగారా?" ఆ పిల్ల మెడ సాచి చూసింది. అప్పుడే ఆయన మొసలి హాస్యం ముగించినట్టున్నాడు, ముందు నుంచి నవ్వులు వినపడ్డాయి. "అబ్బ, మీ ఇంట్లో రోజూ సినిమానే అన్నమాట. అదృష్టవంతులు."

"అవునమ్మా" అన్నాను.

ఆ రోజు సాయంత్రం ఆయన అన్నం కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చుని, "మొసళ్ళు నిజంగానే లేవా ఆ వాగులో?" అని అడిగాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఆయన తలెత్తి చూసి, "లేవు" అన్నాడు. మళ్ళీ కలుపుకున్నాడు. మజ్జిగ తేవడానికన్నట్టు లేచిపోయాను.

*

సీజన్ సగం గడిచాక తెలిసింది, ఆయన వెళ్ళిపోతున్నాడని.

చెప్పింది ఆయన కాదు. ఆఫీసులో బుకింగులు చూసే ఆవిడని అందరం అక్కయ్య అనేవాళ్ళం. ఆవిడ కడుపులో మాట నిలవదు. ఒక మధ్యాహ్నం నేను బగ్గీ ఎక్కేవాళ్ళకి దుమ్ము పడకుండా ఇచ్చే కళ్ళద్దాలు కడుగుతుంటే పక్కకొచ్చి నిలబడి, "మరి నువ్వెప్పుడు బయల్దేరడం?" అంది.

"ఎక్కడికి?"

"అవతలి దీవికే. కొత్తగా దారి వేస్తున్నారుగా, మీ ఆయన్ని పెద్ద గైడుగా వెయ్యలేదూ? సీజన్ అవగానే చేరాలి." నా ముఖం చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "చెప్పలేదా?"

"చెప్పారులే. మర్చిపోయాను" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగితే ఆవిడ అక్కయ్య ఎందుకవుతుంది. "అందుకేనా, అక్కడి గదికి పంపే కాయితం మీద రెండు మంచాలు రాస్తానంటే, వద్దండీ, ఒక మంచం చాలన్నాడు. నువ్వు తర్వాత నిదానంగా వెళ్తావేమో అనుకున్నాలే" అంది.

నేను ఇంకో నాలుగు కళ్ళద్దాలు కడిగాను. అవి అప్పటికే కడిగినవని తర్వాత చూసుకున్నాను.

ఒక మంచం చాలు. ఆ మాట పట్టుకుని ఎన్ని రోజులు తిరిగానో చెప్పలేను. కూర తరుగుతుంటే అదే, బట్టలు ఆరేస్తుంటే అదే. ఆయన వెళ్తున్నందుకు కాదు, మంచి ఉద్యోగం వస్తే ఎవరైనా వెళ్తారు. నన్ను రమ్మంటే రాననేదాన్నో, వస్తాననేదాన్నో, ఆ మాట వేరు. అసలు అడగాలని కూడా ఆయనకి తోచలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నేనే అడగొచ్చు. "నన్ను తీసుకెళ్తారా" అని ఒక్క ముక్క. నోటిదాకా వచ్చేది. కానీ వద్దనుకున్న మనిషిని నన్ను కావాలనుకోండని అడగడం నాకు చేతకాలేదు. చెప్తాడు, ఈవేళ చెప్తాడు అని రోజూ ఎదురుచూశాను. ఆయన బూట్లు విప్పేవాడు, చేతులు కడుక్కునేవాడు, తినేవాడు. ఒకరోజు గొంతు సవరించుకున్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు. కారం ఎక్కువైంది" అన్నాడు.

మర్నాడు వాగు దగ్గర ముందు నుంచి బొటనవేలు వచ్చింది, బాగేనా అని. నేను వేలెత్తాను, బాగే అని.

*

సీజన్ ఇంకో వారం ఉందనగా, ఒక పొద్దున్న బుకింగులన్నీ జంటలే. ఒంటరివాళ్ళు లేని రోజు నాకు సెలవు. అలాంటప్పుడు చివరి బండిలో ఉన్న జంటలో ఎవరికో ఒకరికి మా ఆయన సైగ నేర్పి పెట్టేవాడు. బళ్ళన్నీ బయల్దేరాక ఊసుపోక షెడ్డులోకెళ్ళాను. అవి మొదటి మలుపు తిరుగుతుండగా ఒక పెద్దాయన రొప్పుకుంటూ షెడ్డులోకొచ్చాడు. లావాటి మనిషి, తెల్ల మీసాలు, ఇస్త్రీ చొక్కా.

"ఆలస్యమైందమ్మా. నడిచొచ్చాను. జన్మంతా బండి నడిపి నడిపి, సెలవులోనైనా కాళ్ళతో నడుద్దామని" అన్నాడు.

అక్కయ్య వాకీటాకీ తీసింది. అది ఆఫీసుకీ ముందు బండికీ మధ్య మాత్రమే పనిచేస్తుంది. "ఇంకో ఇద్దరొచ్చారు, తోకకి తగిలిస్తున్నాను, కాస్త నెమ్మదిగా వెళ్ళు" అని ఆయనకి చెప్పి, నాకు సైగ చేసింది. కంపెనీ మనుషుల హెల్మెట్‌కి ఎర్ర పట్టీ ఉంటుంది. నాది కాస్త పెద్దది. ఆ పెద్దాయన తలకి ఇంకేదీ పట్టకపోతే అదే ఆయనకి పెట్టి, నేను చేతికందిన నీలం హెల్మెట్ పెట్టుకున్నాను. ముక్కుకి గుడ్డ, కళ్ళకి అద్దాలు. మలుపు దాటేసరికి తోకని అందుకున్నాం, బురదగుంట దాటేసరికి ఇద్దరం ఒకే రంగులోకి వచ్చేశాం.

పెద్దాయన నలభై ఏళ్ళు బస్సు నడిపి ఆ మధ్యే రిటైరయ్యాడట. తోటివాళ్ళంతా కలిసి ఈ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. బగ్గీని కూడా బస్సులాగే నడిపాడు. కోతులు తప్ప మరో ప్రాణి లేని అడవిలో మలుపు మలుపుకీ చెయ్యి బయటపెట్టి సైగ చేశాడు. కొండ మీద ఆగినప్పుడు నేను బొటనవేలు సంగతి వివరించాను.

"అంటే నువ్వు కండక్టరువన్నమాట" అన్నాడు ఎంతో తృప్తిగా. "రైట్ అంటే గానీ నేను కదలకూడదు."

"మీరే కాదండి, ఎవరూ కదలకూడదు."

"నలభై ఏళ్ళలో పన్నెండు మంది కండక్టర్లు మారారమ్మా. ఎవరి ముఖమూ సరిగా గుర్తులేదు. వెనక నుంచి గొంతులే. ఒకడుండేవాడు, మంచివాడే. ఒకరోజు అలవాటు మీద రైటనేశాడు. వెనక మెట్టు మీద ఒక ముసలావిడ ఇంకా ఒక కాలే పెట్టింది."

"అయ్యో. ఏమైంది?"

"ఏం కాలేదు. పడి లేచింది, మోచెయ్యి గీరుకుంది. వాణ్ణి అడిగితే ఏమన్నాడో తెలుసా? రోజూ బాగానే ఉంటుంది కదన్నా, అందుకని చూళ్ళేదు అన్నాడు." పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ తర్వాత వాడు రైటంటే నేను నమ్మలేదు. పాపం, తర్వాత వాడు ఎంత చూసి చెప్పినా నమ్మలేదు."

కొండ దిగుతున్నంతసేపూ ఆ మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

వాగు దగ్గర బళ్ళు వరసగా ఆగాయి. నీళ్ళు మోకాటి లోతుకి మించి లేవు. ముందు బండిలో ఆయన వీపు చిన్నగా కనపడుతోంది. ఎప్పట్లాగే, వెనక బళ్ళు కనపడేలా కడ్డీకి బిగించిన చిన్న అద్దంలోంచి చూస్తూ బొటనవేలెత్తాడు. రెండో బండి మూడో బండికి, మూడు నాలుక్కి. నాకు ముందున్న బండిలో అమ్మాయి వెనక్కి తిరిగి, నవ్వుతూ నాకు వేలు చూపించింది. అంతా బాగేనా?

నా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

మొండితనం కాదు, ముందే అనుకున్నదీ కాదు. ఆ రోజు నేను మొదటిసారి చూసుకున్నాను, అంతే. చక్రాలు బాగానే ఉన్నాయి. బెల్టులు బాగానే ఉన్నాయి.

"అమ్మా, నీ వంతు" అన్నాడు పెద్దాయన.

"తెలుసండి."

"మరి?"

"చూసి చెప్పాలన్నారు కదా. చూస్తున్నాను."

ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, రైట్ కోసం ఆగిన డ్రైవరులా కూర్చున్నాడు.

ముందు బళ్ళలో ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూడ్డం మొదలెట్టారు. మా ఆయన రెండోసారి వేలెత్తాడు. జవాబు లేదు. బండి దిగాడు. ఒక్కో బండి పక్కనుంచీ, "ఏం లేదండి, కూర్చోండి, కూర్చోండి" అంటూ నడిచొస్తున్నాడు. మా ఇద్దరి మధ్య ఉన్న ఏడు బళ్ళూ దాటి ఆయన నా వైపు నడిచి రావడం ఆ సీజన్లో అదే మొదలు.

వచ్చి ముందు చక్రాలు చూశాడు. వంగి కిందకి చూశాడు. పెద్దాయన బెల్టు లాగి చూశాడు. తర్వాత నా వైపుకొచ్చి, కడ్డీ పట్టుకుని, కొంచెం వంగి అన్నాడు.

"ఏమైందండీ? నీళ్ళు చూసి భయమేసిందా?"

నన్ను గుర్తుపట్టలేదు. నేను ఇంట్లో ఉన్నానని ఆయన లెక్క. నీలం హెల్మెట్, బురద, ముక్కుకి గుడ్డ. ఎవరో పెద్దాయనతో వచ్చిన ఎవరో ఆడమనిషిని. నేను కడ్డీ మీదున్న ఆయన చెయ్యి వైపు చూశాను. 

"ఫరవాలేదండీ" అన్నాడు. ఆ గొంతులో ఉన్న మెత్తదనం నేను పెళ్ళైన కొత్తలో ఎప్పుడో విని ఉంటాను. "మొదటిసారి ఎవరికైనా అంతే. మీరు భయపడితే బండి నేనే దాటిస్తాను. తొందరేం లేదు. మీరు సరే అనేదాకా ఎవరూ కదలరు." నేను ఇంకా పలక్కపోయేసరికి నవ్వాడు. "మా ఇంట్లో ఆవిడ కూడా మొదట్లో ఇంతేనండీ, ఈ వాగు చూస్తే కళ్ళు మూసుకునేది. ఇప్పుడు రోజూ తోక బండిలో వస్తుంది. భలే ధైర్యం. ఆవిడ వెనక ఉందంటే నేను వెనక్కి తిరిగి చూసే పనే ఉండదు."

నేను కళ్ళద్దాలు తీశాను. ముక్కు మీద గుడ్డ కిందకి లాగాను.

ఆయన చెయ్యి కడ్డీ మీదే ఉంది. 

"నువ్వా" అన్నాడు. "ఇద్దరొచ్చారందే అక్కయ్య."

"అవును. ఈయనా, ఒక మూటా."

పెద్దాయనకి పరిస్థితి అర్థమైంది. "నేను కాస్త దిగి కాళ్ళు సాపుకుంటానమ్మా" అంటూ బెల్టు విప్పబోయాడు. నాలుగు కొక్కేల బెల్టు అది, తెలిసినవాళ్ళకి గానీ ఊడదు. రెండుసార్లు గింజుకుని, ఇక చేసేదిలేక వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన. ఈసారి అండీ లేదు.

"ఒక మంచం చాలన్నారట."

ఆయన వాగు వైపు చూశాడు. "ఎవరు చెప్పారు?"

"మీరైతే కాదు."

ముందు ఎవరో హారన్ కొట్టారు. ఆయన అటు తిరిగి చెయ్యి ఊపి, మళ్ళీ నా వైపు తిరిగాడు. ఆయన ముఖం మీద కూడా బురదే, కళ్ళ చుట్టూ మాత్రం రెండు తెల్లటి గుండ్రాలు. "నువ్వు రావనుకున్నాను" అన్నాడు.

"అడిగారా?"

"అడిగితే రానంటావేమోనని."

"అనలేదుగా."

"అనవు. ఏమీ అనవు నువ్వు. ఇంటికొస్తే ఒకటే, రాకపోతే ఒకటే అన్నట్టుంటావు. నేను పోతే హాయిగా ఉంటావేమో అనుకున్నాను."

ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. కోపమొచ్చింది. రెండేళ్ళుగా ఆయన గురించి నేను అనుకుంటున్న మాటని, ఒక్క అక్షరం మార్చకుండా, నా గురించి అనేశాడు. ఒకే ఇంట్లో ఒకే బాధని ఇద్దరం చెరో గదిలో దాచుకుని కూర్చున్నాం.

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇంట్లో మనం మాట్లాడుకోం కదా."

 కడ్డీ వదిలి, "ఈవేళ మాట్లాడదాం" అన్నాడు. నా బెల్టు ఒకసారి లాగి చూసి, వచ్చిన దారినే నడిచి వెళ్ళాడు. బండెక్కాక అద్దంలోంచి కాదు, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి వేలెత్తాడు.

"ఏమంటావు తల్లీ, రైటేనా?" అన్నాడు పెద్దాయన, కళ్ళు తెరవకుండా.

నీళ్ళ వైపు చూశాను. నా వైపు నేను చూసుకున్నాను. బాగా అయితే లేదు. కానీ కదలొచ్చు. వేలెత్తాను.

*

సాయంత్రం ఆయన బూట్లు విప్పి, చేతులు కడుక్కోకుండానే వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"వస్తావా నాతో?" అన్నాడు.

సీజనంతా నేను ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే. అది రానే వచ్చింది. పొయ్యి తగ్గించి ఆయన వైపు తిరిగాను, నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది, ప్రశ్న కోసం అన్ని రోజులు కాసుక్కూర్చున్న నేను జవాబు గురించి ఒక్కసారైనా ఆలోచించలేదని. అక్కడా రెండు గదులే ఉంటాయి. అక్కడా ఆయన బూట్లు విప్పుతాడు.

"తెలీదు" అన్నాను. అది నిజం. "ఆలోచించుకుని చెప్తాను."

కోపగించుకుంటాడనుకున్నాను. తల ఊపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ రోజు భోజనాల దగ్గర కూడా పెద్దగా మాటల్లేవు. కానీ తిని లేస్తూ, "మొసళ్ళు ఒకప్పుడు ఉండేవట, మా ముందు గైడు చెప్పేవాడు" అన్నాడు. ఆ ప్రశ్న నేను అడిగి రెండు నెలలైంది.

సీజన్ అవగానే, గురువారం పడవకి ఆయన ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు వానలు తగ్గుముఖం పడుతున్నాయి. షెడ్డులో బళ్ళు కడుగుతున్నారు. ఈ సీజన్‌కి ఉంటావా, వెళ్తావా అని అక్కయ్య రోజుకోసారి అడుగుతోంది. ఇల్లు అలాగే ఉంది, రెండు గదులూ నావే. కంచం ఒకటే కడుక్కుంటాను. మాట్లాడని మనిషైనా సరే, ఉన్నప్పుడు గదిలో ఒక చప్పుడుండేదని ఇప్పుడు తెలుస్తోంది. కొన్ని సాయంత్రాలు ఆ చప్పుడు లేక ఊరికే గుమ్మంలోకొచ్చి కూర్చుంటాను.

దీపాలు పెట్టే వేళకి ఫోన్ చేస్తాడు. చిత్రమేమిటంటే, ఫోన్లో మాట్లాడతాడు. కొత్త దారి గురించీ, అక్కడి బురద మనదంత బాగా అంటదనీ, కొత్తగా పుట్టించిన హాస్యం గురించీ చెప్తాడు. నేను నవ్వుతాను, ఆ నవ్వు ఆయనకి వినపడుతుంది. ఆఫీసులో చెప్పి రెండో మంచం వేయించానన్నాడు. "ఖాళీగా ఎందుకని దాని మీద బట్టలు ఆరేస్తున్నాను. వస్తే తీసేస్తాలే" అన్నాడు. వస్తానని అనలేదు, రాననీ అనలేదు.

మాటలన్నీ అయ్యాక చివర్లో అడుగుతాడు, "అంతా బాగేనా?" అని.

నేను వెంటనే చెప్పను. పొయ్యి వైపు చూస్తాను, కిటికీ వైపు చూస్తాను, ఎదురుగా ఖాళీగా ఉన్న పీట వైపు చూస్తాను. లోపలికి కూడా చూసుకుంటాను. కొన్ని రోజులు బాగానే ఉన్నానంటాను. కొన్ని రోజులు లేదంటాను. ఏదైనా సరే, చూసుకునే చెప్తాను. దానికి ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. తొందరేం లేదు అంటాడు అవతలి నుంచి. నేను జవాబు చెప్పేదాకా ఫోన్ పెట్టడు.